తీరం దాటిన తర్వాత తుఫాను ఎక్కడిదాకా వస్తుంది?

(సభ్యుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. విషయం తుఫాన్లు. ఇందాక బయట చెప్పులు విడుస్తుంటే ఒకాయన, "ఎడారిలో ఉన్నవాళ్ళకి తుఫాను మీద ప్రసంగమేమిటండీ?" అని నవ్వారు. ఆ మాట దగ్గరే మొదలుపెడతాను. 2018లో ఒక తుఫాను నేరుగా సౌదీ ఎడారి అంచుకే వచ్చి ఆగిపోయింది. ఆగిపోయిందని అందరూ అనుకున్నారు. దాని తాలూకు నష్టం కెన్యా రైతు భరించాడు, రాజస్థాన్ రైతు భరించాడు, రెండేళ్ళ తర్వాత మన ఆదిలాబాద్ సరిహద్దులో రైతులు మందు పిచికారీ యంత్రాలు సిద్ధం చేసుకుని ఆకాశం వైపు చూశారు. ఆ కథ చెబుతాను. అయితే ముందు మనందరికీ అలవాటైన ఒక మాట గురించి చెప్పుకోవాలి.

టీవీలో వింటుంటాం కదా, "తుఫాను తీరం దాటింది, క్రమంగా బలహీనపడుతోంది" అని. ఆ మాట వినగానే మన ప్రాణం కుదుటపడుతుంది. టీవీ కట్టేస్తాం. మచిలీపట్నంలో ఉన్న బాబాయికి ఫోన్ చేసి, క్షేమమే అని తెలుసుకుని పడుకుంటాం. ఈ అలవాటు ఊరికే రాలేదు. 1977 నవంబరు 19న దివిసీమలో సముద్రం ఊళ్ళ మీదికి వచ్చి సుమారు పదివేల మందిని తీసుకుపోయింది. మన అమ్మానాన్నల తరానికి తుఫాను అంటే ఉప్పెన. ఉప్పెన అంటే తీరం. తీరానికి దూరంగా ఉంటే బతికిపోయినట్టే అని ఆ తరం నేర్చుకుంది, మనకూ అదే నేర్పింది. ఉప్పెన వరకూ ఆ లెక్క సరైనదే.

కానీ "బలహీనపడింది" అన్న మాట గాలి గురించి చెప్పేది. వాతావరణ శాఖ వాళ్ళు అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను, తీవ్ర తుఫాను అని పేర్లు మార్చేది గాలి వేగాన్ని బట్టి. వెచ్చటి సముద్రం మీంచి లేచే ఆవిరే తుఫానుకు తిండి. నేల మీదికి రాగానే ఆ తిండి ఆగిపోతుంది, కింద చెట్లూ కొండలూ ఇళ్ళూ అడ్డం తగులుతాయి, కొన్ని గంటల్లో గాలి పడిపోతుంది. అప్పటికే పైన మబ్బులో చేరి ఉన్న నీళ్ళు మాత్రం ఎక్కడికీ పోవు. అవి ఎక్కడో ఒకచోట దిగాలి. ఎక్కడ దిగుతాయన్నది తీరం దాటిన చోటును బట్టి తెలియదు. గాలి లెక్క వేరు, నీటి లెక్క వేరు. ఈ పూట ఒక్క ఆ సంగతి గుర్తుంటే చాలు.

2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ దగ్గర ఒకటి తీరం దాటింది. అది తుఫాను కూడా కాదు, తీవ్ర వాయుగుండం. దానికి పేరే పెట్టలేదు. ఆ రోజు మన వాట్సాప్ గ్రూపుల్లో అందరూ కాకినాడ, యానాం, అమలాపురం వాళ్ళనే అడుగుతున్నారు. ఆ రాత్రి అది నాలుగువందల కిలోమీటర్లు లోపలికి పోయి హైదరాబాద్ మీద కుమ్మరించింది. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో ముప్పై సెంటీమీటర్లకు పైగా పడింది. చెరువుల కట్టలు తెగాయి, కాలనీల్లోకి పడవలు వచ్చాయి, ఒక్క హైదరాబాద్ నగర పరిధిలోనే ముప్పైమందికి పైగా చనిపోయారు. పేరు కూడా లేని వాయుగుండం చేసిన పని ఇది.

ఇంకా దూరం పోదాం. హుద్‌హుద్ మనలో చాలామందికి గుర్తుంది. 2014 అక్టోబరు 12, విశాఖపట్నం. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, ఊళ్ళో పచ్చటి చెట్టు మిగల్లేదు. అదే హుద్‌హుద్ రెండు రోజుల తర్వాత, అక్టోబరు 14న, నేపాల్‌లో అన్నపూర్ణ శిఖరాల దగ్గర మంచు తుఫాను అయింది. అప్పటికి గాలి లేదు, పేరూ లేదు. మిగిలిన తేమను పడమటి నుంచి వస్తున్న మరో వాతావరణ ద్రోణి పైకి లాక్కుపోయింది, చల్లటి కొండ తగిలేసరికి ఆ నీళ్ళన్నీ మంచుగా రాలాయి. థొరోంగ్ లా అనే కనుమ ఎత్తు 5,416 మీటర్లు. అది దాటుతున్న పర్వతారోహకులు, వాళ్ళ బరువులు మోసే పోర్టర్లు, ఆ చుట్టుపక్కల వాళ్ళు, అంతా కలిపి కనీసం 43 మంది చనిపోయారు. విశాఖ బీచ్ నుంచి ఆ కనుమకు 1200 కిలోమీటర్లు. అక్టోబరు నెల అక్కడ ఆకాశం నిర్మలంగా ఉండే కాలమని నమ్మి వచ్చినవాళ్ళు వాళ్ళు. బంగాళాఖాతం తుఫాను తమ దాకా వస్తుందని వాళ్ళలో ఎంతమంది ఊహించి ఉంటారు?

ఇప్పుడు 2018. మాది శ్రీకాకుళం జిల్లా, మా అక్క వాళ్ళది ఉద్దానం. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక, పాకిస్తాన్ పెట్టిన పేరు. అక్క వాళ్ళ కొబ్బరి చెట్లు, జీడితోట, ఒక్క పూటలో పడుకున్నాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. కాబట్టి తుఫాను నష్టం ఎంత దూరం పోతుందని అడిగితే, కిలోమీటర్లలోనే కాదు, ఏళ్ళలో కూడా కొలవాలని ఉద్దానం వాళ్ళు చెబుతారు. ఆ తుఫానే పక్కనున్న ఒడిశా గజపతి జిల్లా కొండల్లోకి పోయింది. అక్కడ బరఘరా అనే ఊళ్ళో వానకు భయపడి ఒక గుహలో తలదాచుకున్న వాళ్ళ మీద కొండచరియ విరిగిపడింది. పదిహేను మంది దాకా పోయారు. ఆ కొండల మీద పడిన నీళ్ళే వంశధారలో, నాగావళిలో కలిసి మళ్ళీ శ్రీకాకుళానికి వరదగా తిరిగొచ్చాయి. గాలి పోయింది, బతికాం అనుకున్నవాళ్ళ ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి.

సరిగ్గా అదే వారం అరేబియా సముద్రంలో ఇంకో తుఫాను తిరుగుతోంది. ఒకేసారి అటు బంగాళాఖాతంలో, ఇటు అరేబియా సముద్రంలో ఇంత బలమైన తుఫాన్లు ఉండడం చాలా అరుదు. దాని పేరు లుబాన్. ఒమన్ పెట్టిన పేరు. లుబాన్ అంటే మన పూజలో వేసే సాంబ్రాణి లాంటి సుగంధ ధూపం, ధోఫార్ కొండల్లో చెట్ల బంక. అక్టోబరు 14న అది యెమెన్ తూర్పు తీరాన, అల్ మహ్రా ప్రాంతంలో నేల తాకింది. అక్కడి నుంచి ఎడారిలోకి పోయింది.

అప్పటికి ఆ ఎడారి తడిసే ఉంది. అయిదు నెలల క్రితం, మే 25న, మెకును అనే మరో తుఫాను ఒమన్‌లో సలాలా పక్కన తీరం దాటింది. గాలి గంటకు 170 కిలోమీటర్లకు పైన. సలాలాలో ఒక్క రోజులో 278 మిల్లీమీటర్లు పడింది, అక్కడ ఏడాది పొడుగునా పడే వాన అందులో సగం కూడా ఉండదు. అంతకు ముందే సొకోత్రా దీవిని అతలాకుతలం చేసింది. అక్కడ చిక్కుకున్న 38 మంది మనవాళ్ళను మన నౌకాదళం ఐఎన్ఎస్ సునయనను పంపి తీసుకొచ్చింది. యెమెన్, ఒమన్ కలిపి సుమారు ముప్పైమంది పోయారు. మే 27కల్లా మెకును ఎడారిలో అణగిపోయింది. పత్రికల్లో ఆ వార్త అక్కడితో సరి.

ఆ ఎడారి రుబ్ అల్ ఖాలీ. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో షైబా వైపు డ్యూటీ చేసినవాళ్ళకు నేను వర్ణించనక్కర్లేదు. సుమారు 6.5 లక్షల చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి రెండింతలు చేసినా ఇంకా అంతకన్నా పెద్దది. సౌదీ, ఒమన్, యెమెన్, ఎమిరేట్స్, నాలుగు దేశాల్లో పరుచుకుని ఉంది. ఏడాదికి 50 మిల్లీమీటర్లు కూడా పడని చోట మెకును తర్వాత ఇసుక దిబ్బల మధ్య చెరువులు కట్టాయి. ఆ ఫొటోలు మనం కూడా ఒకరికొకరం పంపుకున్నాం, ఎంత అందంగా ఉందో అని. నిజంగానే అందంగా ఉంది. దిబ్బల మొదళ్ళలో పచ్చిక మొలిచింది.

ఎడారి మిడతకు కావలసింది అంతే. తడి ఇసుక, దాని పక్కన ఆకుపచ్చ. ఆడ మిడత తోక ఇసుకలో దించి పది పదిహేను సెంటీమీటర్ల లోతున గుడ్లు పెడుతుంది. పొడి ఇసుకలో ఆ గుడ్లు ఎండిపోతాయి. మామూలు ఏడాదిలో ఆ ఎడారిలో ఒంటరి మిడతలు అక్కడొకటి ఇక్కడొకటి తిరుగుతూ ఉంటాయి, ఎవరికీ హాని లేదు. వాన పడితే ఒక తరం అంటే మూడు నెలల్లో అవి ఇరవై రెట్లవుతాయి. మెకును పోసిన తేమ ఆరు నెలలు నిలిచింది, అంటే రెండు తరాలు. ఆ పచ్చిక ఎండిపోయే వేళకు లుబాన్ వచ్చింది. ఇంకో తరం. పిల్లలూ, లెక్క మీరు కట్టండి. ఇరవై ఇంటూ ఇరవై ఇంటూ ఇరవై. ఎనిమిది వేలు. ఒక్క మిడత ఉన్నచోట తొమ్మిది నెలల్లో ఎనిమిది వేలు. ఇది నేను కట్టిన లెక్క కాదు, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థలో అప్పట్లో మిడతల సూచనలు ఇచ్చిన నిపుణుడు కీత్ క్రెస్‌మన్ చెప్పినది.

మరి ఎవరూ చూడలేదా? చూడలేదు. అక్కడ రోడ్డు లేదు, ఊరు లేదు, దిబ్బలన్నీ దేశాల సరిహద్దుల మీద ఉన్నాయి. ఒకవైపు యెమెన్‌లో యుద్ధం. మిడతలు గుడ్లు పెట్టే దశలో, రెక్కలు రాని పిల్ల దశలో మందు కొడితే సులువుగా చస్తాయి. రెక్కలు వచ్చి గుంపు కట్టాక రోజుకు 150 కిలోమీటర్ల దాకా గాలి వాలున పోతాయి. 2019 మొదట్లో దండులు ఎడారి వదిలి బయటికొచ్చాయి. కొన్ని యెమెన్‌కు, కొన్ని సౌదీ లోపలికి, కొన్ని మన గల్ఫ్ దాటి ఇరాన్‌కు. (సౌదీలో ఖసీం వైపు వీటిని జరాద్ అని వేయించుకు తింటారు. బురైదా సంతలో అమ్ముతారు కూడా. కానీ ఆ దండుల్ని తిని తగ్గించడం ఎవరి వల్లా కాదు.) ఆ వేసవికల్లా ఎర్ర సముద్రం, ఏడెన్ సింధుశాఖ దాటి ఇథియోపియా, సోమాలియా. డిసెంబరులో సోమాలియాలో మరో తుఫాను, పవన్, దిగి అక్కడ కూడా ఇసుక తడిపింది. ఆ నెలాఖరుకు కెన్యా. డెబ్బై ఏళ్ళలో అంతటి మిడతల దాడిని కెన్యా చూడలేదు.

ఒక చదరపు కిలోమీటరు దండులో నాలుగు నుంచి ఎనిమిది కోట్ల మిడతలుంటాయి. ఒక్కరోజులో అవి 35,000 మంది మనుషుల తిండి తింటాయి. కెన్యాలో ఆకాశం కమ్ముకున్న దండుల్లో కొన్ని వందల చదరపు కిలోమీటర్లవి.

ఇరాన్ వైపు పోయినవి అక్కడ, పాకిస్తాన్‌లో పెరిగి 2019 మే నుంచి రాజస్థాన్, గుజరాత్‌లలో దిగాయి. 2020లో మళ్ళీ వచ్చాయి. మే 25న జైపూర్ నగరం మీద ఎగిరాయి. మెకును తీరం దాటిన తేదీ కూడా మే 25, సరిగ్గా రెండేళ్ళు. అక్కడి నుంచి మధ్యప్రదేశ్, మహారాష్ట్రలో విదర్భ. అమరావతి, నాగపూర్ జిల్లాల దాకా వచ్చేసరికి తెలంగాణ ప్రభుత్వం నిపుణుల కమిటీ వేసింది, ఆదిలాబాద్ మొదలుకొని సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేసింది. లాక్‌డౌన్ రోజులు. మనం ఇక్కడ విమానాలు లేక ఇరుక్కుని ఉన్నాం, అక్కడ అమ్మానాన్నలు కరోనాకు తోడు మిడతల వార్తలు చూస్తున్నారు. రాయదుర్గంలో జిల్లేడు చెట్లకు మిడతలు గుత్తులుగా పట్టాయని అనంతపురం జిల్లా అంతా హడలిపోయింది. అవి జిల్లేడు మిడతలే, ఎప్పుడూ ఉండేవే, ఎడారివి కావని వ్యవసాయ అధికారులు వచ్చి చెప్పాక ఊపిరి పీల్చుకున్నారు. గాలి దిశ కలిసొచ్చి అసలు దండు తెలంగాణ పంటల దాకా రాలేదు. సలాలా నుంచి ఆదిలాబాద్‌కు రెండున్నరవేల కిలోమీటర్లు.

ఇదంతా ఒక్క మెకును మీద తోసేయడం న్యాయం కాదు. 2019లో పశ్చిమ భారతంలో వానలు ఎక్కువ రోజులు నిలిచాయి, పవన్ తన వంతు చేసింది, యుద్ధం వల్ల మందు కొట్టేవాళ్ళు లేకపోయారు. అయినా మొదటి తడి ఆ తుఫానుదే. ఒక తుఫాను ఎడారిలో మాయమైందని వార్త వచ్చిన రోజున, దాని అసలు నష్టం ఇంకా గుడ్డులో ఉంది.

మన సముద్రం నుంచి ఇటు కూడా ఒకటి వచ్చింది. 2021 సెప్టెంబరు 26 సాయంత్రం గులాబ్ తుఫాను మా జిల్లాలోనే కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. విశాఖను ముంచింది, తెలంగాణ మీదుగా పోయింది, మరాఠ్వాడాలో వరదలు తెచ్చింది, గుజరాత్ దగ్గర సముద్రంలో దిగింది. వెచ్చటి నీళ్ళు దొరికాయి, మళ్ళీ తుఫాను అయింది. ఈసారి పేరు షహీన్, అంటే డేగ. అక్టోబరు 3న ఒమన్ బాతినా తీరాన నేల తాకింది. సాధారణంగా తుఫాన్లు అంత ఉత్తరంగా, మస్కట్ దాటి రావు. అల్ ఖాబూరాలో 369 మిల్లీమీటర్లు పడింది, పదిమందికి పైగా పోయారు. కళింగపట్నంలో జాలరి చూసిన ఆ మబ్బే వారం తర్వాత 2800 కిలోమీటర్ల అవతల మస్కట్ ఆకాశంలో ఉంది. మా ఊళ్ళో పెద్దవాళ్ళకు ఈ సంగతి చెబితే నమ్మలేదు. మ్యాపు తీసి వేలితో గీసి చూపించాల్సి వచ్చింది.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళ కోసం ఒక్క మాట. 2024 సెప్టెంబరు 26న హెలీన్ ఫ్లోరిడాలో తీరం దాటింది. ఎక్కువమంది పోయింది మాత్రం ఆరువందల కిలోమీటర్ల ఎగువన, నార్త్ కరోలినా కొండల్లో. అక్కడ మారియన్ అనే ఊళ్ళో బాక్స్‌టర్ వాళ్ళ సెలైన్ కర్మాగారం మునిగింది. అప్పట్లో ఆ దేశంలో వాడే సెలైన్‌లో అరవై శాతం దాకా అక్కడే తయారయ్యేది. తర్వాత కొన్ని వారాల పాటు తుఫాను చినుకు కూడా పడని రాష్ట్రాల్లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. నీళ్ళు కూడా చేరని చోటికి నష్టం చేరింది.

సరే, ఇవన్నీ విని మనం చేసేదేమిటి? తుఫాన్లను ఆపేవాళ్ళం కాదు. చేసేది చాలావరకు ఫోనే. అయితే ఆ ఫోను ఎవరికి, ఎప్పుడు చేస్తామన్నది మార్చుకోవచ్చు. ఈసారి తుఫాను తీరం దాటినప్పుడు మన గ్రూపులో తీరం జిల్లాల పేర్లతో ఆపవద్దు. దాని దారిలో మూడు రోజుల తర్వాత ఏ జిల్లా వస్తుందో చూడండి, ఆ జిల్లాలో సభ్యుల తల్లిదండ్రులు ఎవరున్నారో అడగండి. భారత వాతావరణ శాఖ గాలి హెచ్చరికతో పాటు వాన సూచన కూడా విడిగా ఇస్తుంది. చూడాల్సింది రెండోది. వంశధార, నాగావళి, గోదావరి పక్క ఊళ్ళవాళ్ళయితే, ఊళ్ళో ఎండ కాస్తున్నా సరే, ఎగువన ఒడిశాలో, ఛత్తీస్‌గఢ్‌లో ఎంత పడిందో అడగాలి. చెరువు కింద కాలనీల్లో ఇల్లు కొన్నవాళ్ళు, హైదరాబాద్‌లో మనవాళ్ళు చాలామందే ఉన్నారు, ఇంట్లో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళను ముందురోజే పై అంతస్తులో చుట్టాల ఇంటికో స్నేహితుల ఇంటికో పంపే ఏర్పాటు ఇక్కడి నుంచే ఫోన్లో చేయొచ్చు. కట్ట తెగిన రాత్రి కరెంటు ఉండదు, ఫోన్ కలవదు.

ఇక ఇక్కడ. శీతాకాలంలో మనం పిల్లలతో ఎడారి క్యాంపింగుకు పోతాం, చదునుగా ఉందని వాడీలోనే గుడారం వేస్తాం. వాడీ చదునుగా ఉండేది నీళ్ళు నడిచిన దారి కాబట్టి. 2009 నవంబరు 25న జిద్దాలో నాలుగు గంటల్లో 90 మిల్లీమీటర్లకు పైగా పడింది. అది తుఫాను కూడా కాదు. మా శ్రీకాకుళంలో అంత వాన పడితే బడికి సెలవు ఇస్తారు, అంతే. జిద్దాలో 120 మందికి పైగా చనిపోయారు. ఆ నేల నీళ్ళు తాగదు, కాలువలు లేవు, కొండల మీద పడినదంతా ఊళ్ళోకే వచ్చింది. అందుకే ఇప్పుడు వాన పడుతుండగా వాడీ దాటితే సౌదీ ట్రాఫిక్ చట్టంలో పదివేల రియాళ్ళ దాకా జరిమానా ఉంది. సివిల్ డిఫెన్స్ హెచ్చరిక ఫోనుకు వస్తే అది అరబిక్‌లో ఉందని పక్కన పెట్టకండి, పక్కింటి వాళ్ళనైనా చదివి చెప్పమనండి. మీ తల మీద ఎండ ఉన్నా యాభై కిలోమీటర్ల అవతల కొండ మీద పడినది మీ గుడారం దాకా వస్తుంది.

మొదటి వరసలో కూర్చున్న బాబు ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తుతున్నాడు. ఏమిటి నాన్నా? మిడతలు ఇంకా ఆ ఎడారిలో ఉన్నాయా అనా? ఉన్నాయి. ఒంటరిగా, ఇసుక రంగులో, కనబడకుండా. ఆ దండులు 2021 చివరికి అదుపులోకి వచ్చాయి. ఎడారిలో వాన పడిందని వార్త వస్తే రోమ్‌లో కూర్చున్న మిడతల నిపుణులు ఇప్పుడు ఉపగ్రహం ఫొటోలో ముందుగా వెతికేది ఆకుపచ్చ మచ్చలనే. వాళ్ళ నెలవారీ నివేదిక ఎవరైనా చదువుకోవచ్చు, అందులో మ్యాపులు కూడా ఉంటాయి, నీకు నచ్చుతాయి. భోజనాలయ్యాక నా ఫోన్లో చూపిస్తాను. ఇంకెవరికైనా ప్రశ్నలుంటే అక్కడే పంక్తిలో అడగండి, సాంబారు చల్లారిపోతోందని లోపలి నుంచి సైగ చేస్తున్నారు.